కట్టప్ప ఎందుకు పారిపోలేదు?

రాత్రిషో_రవి, ఉప్పల్
ఆదివారం రాత్రి 10:42

ఇవాళ మధ్యాహ్నం టీవీలో బాహుబలి మొదటి భాగం వేశారు. మా ఇంట్లో ఎన్నోసారో లెక్కలేదు. అందులో అస్లాం ఖాన్ సీన్ ఉంది కదా. పర్షియా నుంచి కత్తులు అమ్మడానికి వచ్చిన ఆయన కట్టప్ప పనితనం చూసి, నీలాంటి వీరుడు బానిసగా ఉండటమేంటి, నేను విడిపిస్తాను అంటాడు. కట్టప్ప వద్దంటాడు. మా పూర్వీకులు సింహాసనానికి ఇచ్చిన మాట అంటాడు.

మా బాబుకి తొమ్మిదేళ్ళు. "నాన్నా, ఆయన అందరికంటే బాగా కొట్లాడతాడు, చేతిలో కత్తి కూడా ఉంది. మరి ఎందుకు పారిపోలేదు?" అని అడిగాడు. "మాట ఇచ్చారు కదరా" అన్నాను. "వాళ్ళ తాత ఇస్తే ఈయనకేంటి?" అన్నాడు. నాకు జవాబు తట్టలేదు.

పక్కన కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న మా అమ్మ తల ఎత్తకుండానే, "పారిపోయి యాడికి పోతడు? పెండ్లాం పిల్లలు ఈడనే ఉంటరు గదా" అంది. మా అమ్మమ్మ వాళ్ళది జనగామ వైపు ఊరు. దొర గడీలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, చాకిరీ చేసిన కుటుంబం.

అప్పట్నుంచీ అదే ఆలోచన. ఇన్నేళ్ళుగా సినిమాలు చూస్తున్నాను. బానిసలంటే గొలుసులు, గనులు, కొరడాలు. మా అమ్మ ఒక్క ముక్కలో చెప్పిన కారణం ఏ పెద్ద సినిమాలోనూ చూసిన గుర్తు లేదు. మీకేమైనా తడితే రాయండి.


సగటు ప్రేక్షకుడు
ఆదివారం రాత్రి 11:05

రవి గారూ, సినిమాలోని ఆ మాహిష్మతి రాజ్యం అనేది కల్పన. అందులో ఏనుగు తల మీద ఎక్కి బాణాలు వేస్తారు, దాన్ని మాత్రం మీ బాబు అడగలేదు చూడండి! కట్టప్ప పాత్ర భీష్ముడి లాంటిది. ఇచ్చిన మాటకు కట్టుబడ్డవాడు. బానిస అనే మాట వాడారే గానీ అక్కడ చూపించింది ధర్మసంకటం. దానికి వెట్టిచాకిరీతో లంకె పెట్టడం సబబు కాదని నా అభిప్రాయం.


ఫస్ట్‌షో_చింటు
ఆదివారం రాత్రి 11:09

అన్నా ఏసీ వేసుకుని పాప్‌కార్న్ తింటూ చూడాల్సిన సినిమాకి పరీక్ష పేపర్ పెడుతున్నారేంటి 😀


తెలుగుటీచర్_లలిత, మల్కాజిగిరి
ఆదివారం రాత్రి 11:40

రవీ, మీ బాబు అడిగిన ప్రశ్న చాలా పాతది. ఆదిపర్వంలో గరుత్మంతుడు అడిగింది ఇదే. గుర్రం తోక నల్లగా ఉందా తెల్లగా ఉందా అన్న పందెంలో మోసపోయి వినత కద్రువకు దాసి అవుతుంది. కొడుకు పుట్టి, రెక్కలొచ్చాక, పాముల్ని వీపు మీద మోస్తూ తిరగాల్సి వస్తుంది. వీటిని నేనెందుకు మోయాలి అని తల్లిని నిలదీస్తాడు. తల్లి ఓడిపోయిన పందెం కొడుకు వీపు మీదికి ఎలా వచ్చిందన్నది అక్కడి ప్రశ్న. నన్నయ కాలానికే ఆ ప్రశ్న ఉంది. గరుడుడు పాములనే అడుగుతాడు, మా దాస్యం పోవాలంటే ఏం కావాలని. అమృతం తెచ్చి ఇస్తే వదిలేస్తామంటాయి. అంటే వెల కట్టారు. మీ మాహిష్మతిలో వెల కడతానని ఒకాయన వస్తే బానిసే వద్దనేశాడు!

సగటు ప్రేక్షకుడు గారికి ఒక మాట. భీష్ముడి ప్రతిజ్ఞ భీష్ముడే చేశాడండీ. కట్టప్ప ప్రతిజ్ఞ కట్టప్ప చేయలేదు. తేడా అక్కడే ఉంది.

హరిశ్చంద్ర నాటకం చూసే ఉంటారు. చంద్రమతినీ లోహితుణ్ణీ కాశీలో అమ్మేస్తాడు, తనను తాను వీరబాహుకి అమ్ముకుంటాడు. కాటి సీన్‌లో జనం వెక్కి వెక్కి ఏడుస్తారు, నేనూ ఏడ్చాను. కానీ ఎవరి కోసం ఏడుస్తున్నాం? రాజు కాటికాపరి అయ్యాడని. ఆ శ్మశానంలో అంతకుముందు కాపలా ఉన్నవాడి గురించి ఎవరూ కన్నీరు పెట్టలేదు. గ్లాడియేటర్ హీరో సేనాపతి, తర్వాత బానిస అవుతాడు. బెన్‌హర్ హీరో రాజవంశం వాడు, తర్వాత ఓడలో తెడ్డు వేస్తాడు. పెద్దింటివాడు కింద పడితేనే మనకు కథ. పుట్టుకతోనే కింద ఉన్నవాడు సీన్ వెనకాల నీళ్ళు మోస్తుంటాడు.


సగటు ప్రేక్షకుడు
సోమవారం ఉదయం 7:15

లలిత గారూ, భీష్ముడి విషయంలో మీ పాయింట్ ఒప్పుకుంటున్నాను. కానీ నమ్మిన బంటు పాత్ర మన కథల్లో ఎప్పట్నుంచో ఉంది కదా. పాత సినిమాల్లో భుజాన తువ్వాలు వేసుకుని, బాబుగారిని ఎత్తుకుని పెంచి, చివర్లో బాబుగారి కోసం గుండు తగిలి చచ్చిపోయే రామయ్య తాత. మనకు ఆ పాత్ర అంటే ఇష్టం.


తెలుగుటీచర్_లలిత
సోమవారం ఉదయం 7:32

ఇష్టమే. ఆ రామయ్యకు జీతం ఎంతో, ఇల్లు ఎక్కడో, పిల్లలున్నారో లేదో ఏ సినిమాలోనైనా చెప్పారా? అమెరికాలోనూ ఇంతే. 1939 నాటి గాన్ విత్ ద విండ్‌లో అమ్మగారిని కనిపెట్టుకుని ఉండే బానిస మామీ వేషానికి హాటీ మెక్‌డేనియల్‌కి ఆస్కార్ వచ్చింది. ఆ అవార్డు అందుకున్న మొదటి నల్లజాతి నటి ఆమె. ఆ రాత్రి ఆమెను మిగతా నటీనటులతో కాకుండా విడిగా ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. తెర మీద ఎంత ప్రేమో, తెర కింద అంత దూరం. బడికి టైమవుతోంది, మళ్ళీ వస్తాను.


కృష్ణానగర్_కిట్టు
సోమవారం మధ్యాహ్నం 2:20

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోయే రకం. ఈ టాపిక్ చూశాక ఆగలేకపోయాను, ఎందుకంటే నేను బానిసగా చేశాను. సినిమాలో.

కొన్నేళ్ళ కింద ఒక పెద్ద సినిమా. పేరు చెప్తే మళ్ళీ కాల్ రాదు కాబట్టి అడగకండి. తెల్లవారుజామున కృష్ణానగర్‌లో, అదే మా జూనియర్ ఆర్టిస్టుల అడ్డాలో, బస్సు ఎక్కించారు, సిటీ బయట సెట్. దిగగానే లైన్‌లో నిలబెట్టారు. ఒక అసిస్టెంట్ డైరెక్టర్ వచ్చి చేత్తో చూపిస్తూ పోయాడు, నువ్వు ఇటు, నువ్వు అటు. కాస్త తెల్లగా, కండపట్టి ఉన్నవాళ్ళు కోట కాపలా. బక్కగా, నల్లగా ఉన్నవాళ్ళు బానిసలు. నేను ఎటు వెళ్ళానో చెప్పక్కర్లేదు. అయినా సరిపోలేదు, ఇంకా నలుపు రాసారు. బట్టలు కొత్త గుడ్డలే, టీ డికాక్షన్‌లో నానబెట్టి, గరుకు కాగితంతో రుద్ది పాతవాటిలా చేస్తారు.

కొరడా మెత్తగా ఉంటుంది, తగిలినా ఏం కాదు. ఆ ఛెళ్ళుమనే చప్పుడు తర్వాత సౌండ్‌లో కలుపుతారు. కొట్టేవాడు గాల్లో తిప్పుతాడు, మేం మాత్రం టైమింగ్ చూసుకుని వీపు విరవాలి. రక్తం తియ్యటి పాకంలాంటిది, ఎండలో ఒంటికి అతుక్కుపోయి ఈగలు ముసురుతాయి. షాట్‌కి షాట్‌కి మధ్య మేం చేసేది ఈగలు తోలుకోవడమే.

ఒకటి మాత్రం గుర్తుండిపోయింది. మాలో ఒక పెద్దాయన, నల్గొండ వైపు మనిషి. కొరడా దెబ్బ పడ్డప్పుడు అందరం గట్టిగా అరిచాం, ఆయన అరవలేదు. చేతులు రెండూ నెత్తి మీద పెట్టుకుని కిందికి కూర్చుండిపోయాడు. "తాతా, అరవాలి, ఎక్స్‌ప్రెషన్ కావాలి" అని అసిస్టెంట్ కేకేశాడు. "గట్ల అరిస్తే ఇంకో రెండు దెబ్బలు వడ్తయి బిడ్డా, మా నాయిన చెప్పెటోడు" అన్నాడాయన. అందరూ నవ్వారు. రీటేక్‌లో ఆయన్ని వెనక వరసలోకి జరిపారు.


ఫస్ట్‌షో_చింటు
సోమవారం మధ్యాహ్నం 2:41

కిట్టు అన్నా 🙏 ఇది చదివాక ఏం రాయాలో తెలియట్లేదు.


హబ్సిగూడ_పాతకాపు
సోమవారం సాయంత్రం 5:10

నలుపు రాయడం అన్నారు కాబట్టి నా గోడు కూడా వినండి. బాహుబలిలో మాహిష్మతి మీదికి యుద్ధానికి వచ్చే కాలకేయులకు ఒళ్ళంతా నలుపు పులిమి, అర్థం కాని భాష పెట్టి, చూడగానే రాక్షసులు అనిపించేలా తీశారు. సినిమా నాకూ నచ్చింది, అది వేరే సంగతి.

నేను ఉండేది హబ్సిగూడలో. హబ్షీ అంటే ఆఫ్రికా నుంచి, ముఖ్యంగా అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆ మాట మీదే మా పేటకు పేరు వచ్చిందంటారు. మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది కదా, చాలామంది ఆ ఏసీ అంటే ఎయిర్ కండిషన్ అనుకుంటారు, నిజం! ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్. నిజాం కొలువులో ఆఫ్రికన్ల గుర్రపు దళం. వాళ్ళ వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. పెళ్ళి బరాత్‌లలో మనం ఎగిరే మర్ఫా డప్పుల్లో వాళ్ళ చెయ్యి ఉంది.

దక్కన్‌లో బానిస కథ సినిమాగా కావాలంటే మాలిక్ అంబర్ కంటే ఎవరు కావాలి? పదహారో శతాబ్దంలో అబిసీనియాలో పుట్టాడు. చిన్నప్పుడే అమ్ముడుపోయి, చేతులు మారి మారి దక్కన్ చేరాడు. ఇక్కడ ఆయన్ని కొన్నది అహ్మద్‌నగర్ పేష్వా, అంటే ప్రధానమంత్రి, చంగేజ్ ఖాన్, ఆయనా ఒకప్పటి హబ్షీ బానిసే. యజమాని పోయాక విడుదలై, సైన్యం కూడగట్టి, రాజ్యాన్నే నడిపాడు. జహంగీర్ సైన్యాలకు కొండల్లో చుక్కలు చూపించాడు. ఖడ్కీ ఊరు కట్టించాడు, తర్వాత అదే ఔరంగాబాద్ అయింది. 1626లో పోయాడు. కొన్నవాడూ బానిసే, కొనబడ్డవాడూ బానిసే. ఇది తీస్తే విలన్ ఎవరో చెప్పడం కష్టం. అందుకే ఎవరూ తీయరేమో.


ఫస్ట్‌షో_చింటు
సోమవారం రాత్రి 8:55

ఏసీ గార్డ్స్ సంగతి నిజంగా తెలియదు అంకుల్. రోజూ అటే వెళ్తాను.

కానీ నా వైపు నుంచి ఒకటి చెప్తాను, తిట్టకండి. ఆర్ఆర్ఆర్‌లో భీమ్‌ని కట్టేసి కొడుతుంటే మోకాలు వంచడు కదా. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి రోజు చూశాను. హాల్లో ఒక్కడూ కూర్చోలేదు. నా పక్కన ఎవరో తెలియనివాడు నా భుజం పట్టుకుని ఏడుస్తున్నాడు. ఆ పవర్ ఏ ఆర్ట్ సినిమాకైనా ఉందా? కోపం రావడం మంచిదే కదా. మీరు చెప్పినట్టు నీళ్ళు మోసేవాణ్ణి మూడు గంటలు చూపిస్తే ఎవడు చూస్తాడు?


జనగామ_జంక్షన్
సోమవారం రాత్రి 9:48

చింటు తమ్ముడూ, ఆ సీన్‌కి నేనూ లేచి నిలబడ్డాను, దాచేదేం లేదు. నా మనసులో మిగిలింది మాత్రం ఆ సినిమా మొదటి పది నిమిషాలు. గోండు పిల్ల మల్లి పాట పాడుతూ తెల్ల గవర్నర్ భార్య, ఆ దొరసాని చేతి మీద ముగ్గు వేస్తుంది. దొరసాని నాణేలు విసురుతుంది. తల్లి అవి పాటకు ఇచ్చిన బహుమతి అనుకుంటుంది. కాదు, పిల్లను కొన్న ధర. ఆ తర్వాత తల్లిని కాల్చబోతుంటే గవర్నర్ ఆపుతాడు, జాలితో కాదు, తూటా ఖరీదైనదని. కొరడా సీన్ కంటే ఆ నాణేల సీన్ నిజానికి దగ్గర. మనిషికి ధర ఉంటుంది, ఆ ధర ఎవరికో ఒకరికి అర్థం కాదు. అంత పెద్ద సినిమాలో అది పెట్టగలిగారంటే తీయలేక కాదు.

అసలు కొమరం భీం పోరాడింది ఢిల్లీలో తెల్లదొరతో కాదు. ఆసిఫాబాద్ అడవుల్లో నిజాం పోలీసులతో, అటవీ శాఖ వసూళ్ళతో. 1940లో జోడేఘాట్‌లో చనిపోయాడు. సినిమా కల్పన అని ముందే చెప్పుకున్నారు, తప్పుపట్టను. కానీ శత్రువు తెల్లవాడైతే హాల్లో అందరం ఒకవైపు ఉంటాం. శత్రువు మన ఊరి గడీలో ఉంటే హాల్ రెండుగా చీలుతుంది. అది నిర్మాతకు టెన్షన్.

రవి గారూ, మీరడిగిన దానికి. బి.నర్సింగరావు తీసిన దాసి, 1988. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది, కళా దర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠానికీ వచ్చింది. గడీలో దాసి జీవితం. పిలిస్తే వెళ్ళాలి, అంతే. చివరికి కడుపు తీయించడం కూడా ఇంటి పనుల్లో ఒకటన్నట్టు జరిగిపోతుంది. దొరసాని కాపురానికి వచ్చేటప్పుడు అరణంగా వెంట పంపిన ఆడపిల్లల్ని మా వైపు ఆడబాప అనేవాళ్ళు. పెట్టె, మంచం, ఆడబాప, ఒకే లిస్టు.

వెట్టి అంటే ఒక్క పని అనుకుంటారు. కాదు. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు పెట్టాలి, గొల్ల గొర్రెను ఇవ్వాలి, మాదిగ మోటకు తోలు, కాళ్ళకు చెప్పులు కుట్టాలి, బోయీలు మేనా మోయాలి. ఎవరి కులం పని వాళ్ళది, పైసా లేదు. కాబట్టి ఎవరికీ తాను బానిస అనిపించదు, తన వంతు చేస్తున్నాననిపిస్తుంది. మా వైపు పెద్ద భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు, 60 ఊళ్ళు ఉండేవని రాశారు. అన్ని ఊళ్ళను కొరడాతో నడపగలరా? ఎంతమంది కొరడాగాళ్ళు కావాలి? మామూలే అన్న మాటతో నడిచింది. 1946 జులై 4న కడవెండిలో, దొరకు ఎదురు తిరిగిన దొడ్డి కొమరయ్య మీద తూటా పడ్డాక ఆ మామూలు పగిలింది.


పాలమూరు_శ్రీను
సోమవారం రాత్రి 11:30

నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. మా నాన్న పాలమూరు లేబర్, అంటే మహబూబ్‌నగర్ వైపు నుంచి వలస వెళ్ళే కూలీ. గుంపు మేస్త్రీ కింద డ్యాం పనులకు, కాలువ పనులకు ఏ రాష్ట్రమంటే ఆ రాష్ట్రం వెళ్ళాడు.

మా అక్క పెళ్ళికి మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాడు. అది నోటుబుక్కులో రాసేవాడు. మా నాన్నకు చదువు రాదు, నేను నాలుగో తరగతి. సెలవులకు వెళ్ళినప్పుడు ఆ బుక్కు చూశాను. బియ్యం, బీడీలు, జ్వరానికి మందు బిళ్ళలు, ఊరికి వెళ్ళిన నాలుగు రోజులు, అన్నీ అప్పు వైపే. కూలి వైపు గీతలు తక్కువ. కూడిక సరిగ్గా చేశాడు, మోసం లేదు. అదే విచిత్రం. లెక్క కరెక్టే, అప్పు తీరదు.

ఆ మేస్త్రీని నేను మామా అని పిలిచేవాణ్ణి. దూరపు చుట్టం. నాకు బలపాలు కొనిచ్చేవాడు. పొడుగు మీసాలు లేవు, చుట్ట తాగేవాడు కాదు, వెనకాల మ్యూజిక్ రాలేదు. ఆయన పైన ఇంకో కాంట్రాక్టర్, ఆయనకు ఇంకో అప్పు. ఒకే ఒక్కసారి మా నాన్నను చెంప మీద కొట్టాడు, నా ముందు. మా నాన్న ఆ రాత్రి నాకు అన్నం పెట్టాడు గానీ నా వైపు చూడలేదు. ఇప్పటికీ మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోం.

కేజీఎఫ్‌లో గనిలో బానిసలను చూసి మా నాన్న "పాపం" అన్నాడు. వేరేవాళ్ళ గురించి అన్నట్టు.


నాంపల్లి_వకీలు
మంగళవారం ఉదయం 6:50

శ్రీను గారి పోస్టు చదివాక ఇది రాయకపోతే తప్పవుతుంది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అందులో ఎవరు వెట్టి కార్మికుడు అన్నదానికి కొరడా అక్కర్లేదు, గొలుసు అక్కర్లేదు. మొదట వచ్చే మాటే అడ్వాన్స్. తనో, తన పెద్దలో తీసుకున్న అప్పుకు బదులుగా, లేదా ఆచారం ప్రకారం, కూలి లేకుండా లేదా నామమాత్రపు కూలికి పనిచేయాల్సి వస్తే, వేరే చోట పని చూసుకునే స్వేచ్ఛ లేకపోతే, అది వెట్టి. పెద్దలు తీసుకున్న అప్పు అని చట్టంలోనే ఉంది. రవి గారి బాబు అడిగిన ప్రశ్నకు పార్లమెంటు జవాబు అన్నమాట. ఆ అప్పు రద్దయిపోతుంది, తిరిగి కట్టక్కర్లేదు.

రాజ్యాంగం 23వ అధికరణం బేగార్‌ని, అంటే కూలి లేని బలవంతపు చాకిరీని, పేరు పెట్టి నిషేధించింది. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించినా అది బలవంతపు చాకిరే అంది. ఎందుకంటే తెలిసి తెలిసి ఎవడూ తక్కువకు ఒప్పుకోడు, ఆకలి ఒప్పిస్తుంది.

శిక్ష ఎంతో తెలుసా? మూడేళ్ళ వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. 1976 నాటి రెండు వేలు, ఇప్పటికీ అదే చట్టంలో. మా కోర్టు సీన్‌లో డైలాగులు ఉండవు. కలెక్టర్ లేదా ఆర్డీవో ఇచ్చే విడుదల పత్రం కోసం ఆఫీసు వరండాలో ఇటుక బట్టీ కుటుంబం రోజంతా కూర్చుంటుంది. క్లైమాక్స్ అంటే అది.


జగిత్యాల_బస్సు
మంగళవారం ఉదయం 9:12

మా పెద్దనాన్న కొడుకు సౌదీలో మూడేళ్ళు చేసి వచ్చాడు. ఆజాద్ వీసా, అంటే ఎక్కడైనా పని చూసుకోవచ్చని చెప్పి పంపారు, అక్కడ దిగాక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పాస్‌పోర్ట్ తీసుకున్నాడు. చెప్పిన పని డ్రైవర్, చేసిన పని తోటలో. ఎనిమిది నెలలు జీతం ఆపాడు.

2024లో ఆడుజీవితం తెలుగులో కూడా వచ్చింది కదా, గొర్రెల మందలో చిక్కుకుపోయిన మనిషి కథ. మలయాళ నవల ఆధారంగా తీశారు, ఆ నవల నిజంగా అలా చిక్కుకున్న మనిషి అనుభవం మీద రాసింది. చాలా బాగా తీశారు. ఎండిపోయిన ఆ శరీరం చూసి నాకు నిద్ర పట్టలేదు. అన్నను తీసుకెళ్ళాను. బయటికి వచ్చి చాయ్ తాగుతూ అన్నాడు, "అరే, నాకు గంత గోస కాలే. మంచిగనే ఉంటి." అప్పటిదాకా కఫీల్ మీద ఫిర్యాదు పెడదామని కాగితాలు జమ చేస్తున్నాడు. ఆ తర్వాత ఆపేశాడు. తనది పెద్ద కష్టం కాదని తీర్మానించుకున్నాడు.

సినిమా తప్పు కాదు. కానీ తెర మీద అంత ఘోరం చూశాక మామూలు ఘోరం చిన్నగా కనిపిస్తుంది.


నిర్వాహకుడు
మంగళవారం ఉదయం 10:30

ఇద్దరు హీరోల అభిమానుల మధ్య నడిచిన 14 పోస్టులు తీసేశాను. ఎవరి సినిమాలో ఎక్కువ తలలు తెగాయో లెక్క వేరే టాపిక్‌లో వేసుకోండి. పిల్లల్ని ఏ సినిమాకు తీసుకెళ్ళొచ్చు అని అడిగినవారికి: సెన్సార్ ఇచ్చే యూఏ ఇప్పుడు 7, 13, 16 ఏళ్ళుగా విడగొట్టి ఉంటుంది, పోస్టర్ మీద చూసుకోండి.


ఫస్ట్‌షో_చింటు
మంగళవారం మధ్యాహ్నం 1:05

తీసేసిన వాటిలో నావి మూడు ఉన్నాయి, సారీ.

జగిత్యాల అన్నా చెప్పింది రెండుసార్లు చదివాను. మా ఇంట్లో పనికి ఒక అమ్మాయి ఉండేది, నా చిన్నప్పుడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చారు. మా అమ్మ ఆమెను కొట్టలేదు, పండక్కి బట్టలు కొనేది, ఇంట్లో పిల్లలా చూశాం అని ఇప్పటికీ చెప్తుంది. నేను స్కూల్‌కి వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి గేటు వేసేది. ఆమె స్కూల్ గురించి ఎవరూ అనుకోలేదు. జీతం వాళ్ళ నాన్న వచ్చి ఏడాదికోసారి తీసుకెళ్ళేవాడు. ఇది దేనికిందికి వస్తుంది వకీలు గారూ? అడగాలంటే భయంగా ఉంది గానీ అడుగుతున్నాను.


నాంపల్లి_వకీలు
మంగళవారం మధ్యాహ్నం 1:50

తమ్ముడూ, నువ్వే జవాబు రాసేశావు. వివరాలు ఫోరంలో వద్దు.


సగటు ప్రేక్షకుడు
మంగళవారం రాత్రి 7:20

చింటు ధైర్యంగా రాశాడు. మా ఇంట్లోనూ ఒకామె ఉండేది, ఇంతకంటే రాయలేను.

నా మొదటి పోస్టులో లంకె పెట్టకండి అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక్కటి మాత్రం నిలబెడతాను. హీరో విలన్‌ను నరికితే చప్పట్లు కొట్టే ఆడియన్స్‌లో శ్రీను గారి నాన్న లాంటివాళ్ళే ఎక్కువ. రోజంతా తలొంచినవాడు మూడు గంటలు తల ఎత్తుతాడు. దాన్ని చిన్నచూపు చూడకండి.


తెలుగుటీచర్_లలిత
మంగళవారం రాత్రి 9:05

చిన్నచూపు లేదండీ. నేనూ ఈల వేస్తాను, మా పిల్లలకు తెలియదు.

ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్‌లో ఒక సీన్ చెప్పి ఆపుతాను, 2013 సినిమా. సాలమన్ నార్థప్ అనే స్వతంత్రుణ్ణి ఎత్తుకెళ్ళి అమ్మేస్తారు. నిజంగా జరిగింది, ఆయన 1853లో పుస్తకం రాసుకున్నాడు. (అవును, ఇక్కడా స్వతంత్రుడు బానిస అయిన కథే, నా మాటకు నేనే సాక్ష్యం.) ఆయన్ని చెట్టుకు ఉరి బిగించి సగంలో వదిలేస్తారు. కాలి వేళ్ళు బురదలో ఆనీ ఆనకుండా ఉంటాయి. కెమెరా కదలదు. మ్యూజిక్ లేదు. అలా చాలాసేపు. మెల్లగా వెనకాల గుడిసెల్లోంచి మిగతా బానిసలు బయటికి వచ్చి తమ పనులు మొదలుపెడతారు. పిల్లలు ఆడుకుంటారు. ఒకామె వచ్చి గుక్కెడు నీళ్ళు తాగించి గబగబా వెళ్ళిపోతుంది.

నాకు ఉరి కంటే ఆ పిల్లల ఆట భయం వేసింది. కిట్టు గారి పెద్దాయనను వెనక వరసలోకి జరిపారన్నారే, ఈ సినిమాలో కెమెరా ఆ వెనక వరస మీద ఉంది.


రాత్రిషో_రవి
మంగళవారం రాత్రి 10:58

ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు. అందరికీ థాంక్స్.

ఇవాళ సాయంత్రం మా అమ్మను కూర్చోబెట్టి అడిగాను. అమ్మమ్మ గడీలో ఏం చేసేదని. వడ్లు దంచేదట. బతుకమ్మ రోజుల్లో గడీ వాకిలి అలికేదట, అది అయ్యాకే తన ఇంటి వాకిలి. ఒకసారి పసిపిల్లను, అంటే మా అమ్మనే, చెట్టు కింద చీర ఉయ్యాలలో వేసి దంచుతోంది. పిల్ల ఏడుస్తుంటే పాలివ్వడానికి లేవబోయింది. ఎవరూ వద్దనలేదు. ఎవరూ చూడను కూడా లేదు. కానీ లేవలేదట. పని ఒడిసేదాకా దంచిందట. "ఎందుకు లేవలేదు?" అని మా బాబు అడిగాడు. "గట్ల లేవరు" అంది మా అమ్మ.

వాడు కాసేపు ఆగి, "నానమ్మా, నువ్వు ఏడుపు ఆపేశావా మరి?" అన్నాడు. ఆపే ఉంటానని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

జనగామ అన్నా, దాసి వెతుకుతాను. అమ్మ చూస్తానంది. గడీ ఎట్లా చూపించారో తప్పులు పడతానంది.


జనగామ_జంక్షన్
మంగళవారం రాత్రి 11:14

పట్టిన తప్పులన్నీ ఇక్కడ రాయండి రవి గారూ. అమ్మ మాటల్లోనే రాయండి.


కృష్ణానగర్_కిట్టు
మంగళవారం రాత్రి 11:40

రేపు కాల్ ఉంది, పొద్దున బస్సు కాబట్టి పడుకుంటున్నా. మళ్ళీ అలాంటి సెట్టే. ఈసారి ఒళ్ళు కాస్త వచ్చిందని భటుడి వేషం ఇచ్చారు, కొరడా నా చేతికే. డబ్బులు కూడా కొంచెం ఎక్కువంట. ఆ నల్గొండ తాత కనిపిస్తాడేమో చూస్తాను.